అప్‌డేట్: వ్యాన్‌లో ప్రొపేన్ స్టవ్ బిగించాం

కొలరాడో కొండల్లో చలికాలంలో తిరిగే మా క్యాంపర్ వ్యాన్‌కు ఎలాంటి స్టవ్ మంచిది, సిలిండర్ ఎక్కడ పెట్టాలి అని ఇదివరకు అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేసే బ్యూటేన్ మాకు పనికిరాదు కనుక, మైనస్ 42 డిగ్రీల వద్ద మరిగే ప్రొపేన్‌నే ఎంచుకుని, మంట ఆరిపోతే థర్మోకపుల్ (మంట వేడిని పసిగట్టే చిన్న లోహపు కడ్డీ) చల్లబడి గ్యాస్ దానంతటదే ఆగిపోయే రెండు బర్నర్ల స్టవ్ తీసుకున్నాం.

ప్రొపేన్ గాలికన్నా బరువైనది. అందువల్ల సిలిండర్‌ను వ్యాన్ లోపలికి ఏ సందూ లేని పెట్టెలో నిలబెట్టి, పెట్టె అడుగు నుంచి బయటికి దారి ఇచ్చాం. గ్యాస్ డిటెక్టర్‌ను కూడా నేలకు దగ్గరగానే అమర్చాం. ఫ్లేర్ జాయింట్లకు (గొట్టం కొసను గరాటులా విప్పి బిగించే అతుకులకు) టెఫ్లాన్ టేపు చుట్టకూడదని, అక్కడ లోహానికి లోహం ఒత్తుకోవడం వల్లే గ్యాస్ ఆగుతుందని మెకానిక్ వివరించారు. లీకు ఉందేమో చూడటానికి సబ్బు నీళ్లు పూసినప్పుడు స్టవ్ వెనుక ఒక జాయింట్ చుట్టూ ఆవగింజలంత బుడగలు లేచాయి. ఇంకాస్త బిగించి మళ్లీ పూస్తే రాలేదు.

వంట జరుగుతున్నంతసేపూ కిటికీ తెరిచి, పైకప్పు ఫ్యాను వేసి ఉంచాలి. మంచు కురిసే రోజుల్లో ఇంట్లోవారికి నచ్చని నియమం ఇదొక్కటే, కానీ మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు విషయంలో నేను రాజీపడను. కుక్కర్ పెట్టాక పక్క బర్నర్ మీద చిన్న పోపు గిన్నె మాత్రమే పడుతుంది.