ఏసీ, ఫ్రిజ్, మోటారు: ఇంటికి సోలార్ గిట్టుబాటేనా?

డాబాఎండ: నెలకి 400 యూనిట్లు కాలే ఇల్లు: 1.5 టన్ను ఏసీ, ఫ్రిజ్, గీజరు, 1 హెచ్‌పీ మోటారు. 3 కిలోవాట్ల సోలార్ పెట్టాలా వద్దా? ఆన్‌గ్రిడ్ (బ్యాటరీ లేకుండా నేరుగా కరెంటు లైన్‌కి, అంటే గ్రిడ్‌కి, కలిపేది) అయితే పెట్టాలి, బ్యాటరీ వద్దే వద్దు అంటాను. మన ఎండకి కిలోవాటుకి రోజూ సగటున 4 యూనిట్లు వస్తాయి, అంటే నెలకి 360. తెలంగాణలో 2022లో పెంచిన టారిఫ్ ప్రకారం 400 యూనిట్లకి కరెంటు ఖర్చే రూ.2,690 (200 దాకా 5.10, తర్వాతి వందకి 7.70, ఆపైన 9). నెట్ మీటరు ఉంటే పగలు గ్రిడ్‌కి పంపింది రాత్రి ఏసీ వాడకంలో తీసేస్తారు. 3 కిలోవాట్లకి కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ సబ్సిడీ రూ.78,000.

స్లాబ్‌లెక్క: 400 యూనిట్ల ఇంటికి నిజమే. కానీ తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వచ్చే ఇంటికి ఇదే లెక్క చెప్పి అంటగడుతున్నారు, అది అన్యాయం. సోలార్ ముందుగా తగ్గించేది రేటు ఎక్కువుండే పై స్లాబు యూనిట్లనే. ముందు పన్నెండు నెలల బిల్లులు ముందేసుకోండి. ఒక్క మే నెల బిల్లు చూసి సైజు తేల్చొద్దు.

తీరంగాలి: డాబాఎండ గారూ, బ్యాటరీ వద్దనడం తుఫాను ఊళ్ళకి పనికిరాదండీ. కరెంటు పోతే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ (ప్యానెళ్ళ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) కూడా ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసేవాళ్ళకి షాక్ కొట్టకుండా అలా చేశారు. నెత్తిన ఎండ మండుతున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. ఈ ముక్క ముందే చెప్పరు.

డాబాఎండ: ఒప్పుకుంటాను. కానీ బ్యాటరీలో ఎంత పడుతుందో చూడండి. 12 ఓల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ట్యూబులర్ బ్యాటరీ అంటే 1.8 యూనిట్లు. సగానికి మించి ఖాళీ చేస్తే ఆయుష్షు తగ్గుతుంది. రెండు పెట్టినా చేతికొచ్చేది 1.8 యూనిట్లే. ఏసీకి అది రెండు గంటలకి కూడా చాలదు.

తీరంగాలి: ఏసీకి కాదండీ. హైబ్రిడ్ ఇన్వర్టర్ (గ్రిడ్‌తోనూ బ్యాటరీతోనూ నడిచేది) పెట్టి, డీబీలో (ఇంటి లైన్లు విడిపోయే స్విచ్ బోర్డులో) ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు, వైఫై వేరే లైన్‌గా విడదీయాలి. ఏసీ, గీజరు, మోటారు గ్రిడ్ లైన్ మీదే ఉంచాలి. 1 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు లాగేది కిలోవాటు దగ్గరే అయినా, స్టార్ట్ అయ్యేటప్పుడు ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. చిన్న ఇన్వర్టర్ అక్కడే ట్రిప్ అవుతుంది.

ఎర్త్‌పిట్: గీజరు సంగతి ఎవరూ ఎత్తలేదు. నీళ్ళు కాచడానికి ప్యానెల్ కంటే సోలార్ వాటర్ హీటరే మేలు: ప్యానెల్ ఎండలో ఐదో వంతునే కరెంటు చేస్తుంది, హీటరు దానికి రెట్టింపు పైనే వేడిగా పట్టుకుంటుంది. బోరు నీళ్ళకి గార పడుతుంది, ఏడాదికోసారి కడిగించాలి.

అసలు నష్టం నీడతో. ప్యానెళ్ళు మామూలుగా సిరీస్‌లో (గొలుసులా ఒకదానికొకటి కలిపి) ఉంటాయి కనుక ట్యాంకు నీడ ఒకదాని మీద పడ్డా దిగుబడి పడిపోతుంది. డిసెంబరులో ఉదయం 9 నుంచి 4 దాకా నీడ ఎటు పోతుందో చూశాకే స్టాండ్ బిగించాలి. ముఖం దక్షిణానికి, వాలు 15 డిగ్రీల దగ్గర. మెరుపు వాహకానికి, ప్యానెళ్ళ వైపు డీసీ కరెంటుకి, ఇంటి వైపు ఏసీ కరెంటుకి మూడు వేర్వేరు ఎర్త్ పిట్‌లు (ఎర్తింగ్ గుంతలు) ఉండాలి. ఒకే దాంట్లో కలిపేస్తే బిగించినవాళ్ళకి డబ్బు ఇవ్వకండి. ప్యానెళ్ళు తెల్లవారుజామునే కడగండి, ఎండకి కాగిన గాజు మీద చల్లనీళ్ళు పడితే పగలొచ్చు.

స్లాబ్‌లెక్క: ఇంకొకటి. లైన్ చివరి ఇళ్ళకి మధ్యాహ్నం సోలార్ కరెంటు గ్రిడ్‌కి వెళ్తుంటే ఓల్టేజి పెరిగి ఇన్వర్టర్ పదే పదే ఆగొచ్చు. కొనేముందు వారం రోజులు 12 నుంచి 2 మధ్య మీటరు దగ్గర ఓల్టేజి చూసి రాసుకోండి. ఇన్వర్టర్ నుంచి మీటరు దాకా కేబుల్ సన్నగా ఉంటే ఆ బాధ ఇంకా పెరుగుతుంది.