పాలిచ్చే రోజుల్లో కంటికి లేజర్ చేయించుకోవచ్చా?

కావలి నుంచి ప్రశ్న:
నాకు 28 ఏళ్లు. రెండు కళ్లకూ మైనస్ 4.5 సైటు ఉండేది. ఏడో నెల గర్భంలో పరీక్ష చేయించుకుంటే మైనస్ 5 అన్నారు. బాబుకు ఇప్పుడు ఏడు నెలలు, ఇంకా పాలు ఇస్తున్నాను. వాడు రోజూ కళ్లద్దాలు లాగేస్తున్నాడు. పుట్టింట్లో ఉన్నప్పుడే చెన్నై వెళ్లి లాసిక్, అంటే సైటు పోగొట్టే లేజర్ ఆపరేషన్, చేయించుకుంటే అమ్మ బాబును చూసుకుంటుందని అనుకున్నాను. పాలిచ్చే తల్లులకు చేయరని కొందరు, కంటికీ పాలకూ సంబంధమేమిటని మరికొందరు అంటున్నారు. లేజర్ వల్ల పాలకు హాని ఉంటుందా? తెలిసినవారు దయచేసి వివరించండి.

నెల్లూరు నుంచి:
అమ్మా, నేను కంటి పరీక్షలు చేసే పనిలో ఉన్నాను. లేజర్ కిరణం పాలను గానీ, గర్భంలోని శిశువును గానీ తాకదు. నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొర, అంటే కార్నియా దగ్గరే దాని పని ముగుస్తుంది. వద్దనడానికి ముఖ్య కారణం కొలతలు. గర్భిణులకు కాళ్లలో నీరు చేరినట్టే కార్నియాలోనూ కొంత చేరి, దాని మందమూ వంపూ మారవచ్చు. కాన్పు తరువాత చాలామందిలో ఇది సర్దుకుంటుంది గానీ, పాలిచ్చినంత కాలం హార్మోన్లు పూర్తిగా పాత స్థితికి రావు.

కార్నియా మందం సగటున 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు కంటే కొంచెం ఎక్కువ. ఒక్కో పాయింటు సైటుకు దానిలో సుమారు 12 నుంచి 15 మైక్రాన్లు లేజర్‌తో తీసేస్తారు. మైనస్ 5 అనుకొని తీసేశాక మీ కన్ను తన అసలు కొలతకు, అంటే మైనస్ 4.5కు తిరిగి వస్తే, మీకు ప్లస్ సైటు మిగులుతుంది. తీసేసిన పొరను మళ్లీ పెట్టే మార్గం లేదు. అందుకే కనీసం ఏడాదిగా సైటు అర పాయింటుకు మించి మారలేదని చూశాకే చేస్తారు.

ఇక మందుల సంగతి. ఆపరేషన్ తరువాత యాంటీబయాటిక్, స్టెరాయిడ్ చుక్కలు వాడాలి. చుక్కలో కొంత భాగం కన్నీటి నాళం గుండా ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుంది. కొన్నిచోట్ల ఆందోళన తగ్గడానికి మత్తుమాత్ర కూడా ఇస్తారు. ఇవన్నీ పాలలోకి ఎంతెంత వెళ్తాయో లెక్క చూసుకుంటూ తొందరపడవలసినంత అత్యవసరం సైటులో లేదు.

ఒంగోలు నుంచి:
చెల్లెమ్మా, నేను మా పాపకు ఏడాదిన్నరకు పాలు మాన్పించి, మరో మూడు నెలలు ఆగి, విడివిడిగా రెండుసార్లు కొలతలు తీయించుకున్నాక చేయించుకున్నాను. ఆ రెండు కొలతలూ ఒకేలా వచ్చాకే డాక్టరుగారు ఒప్పుకున్నారు. నాకు అన్నిటికంటే కష్టమనిపించింది పాప చేతుల నుంచి కళ్లను కాపాడుకోవడం. లాసిక్‌లో కార్నియా మీద పలుచని పొరను మూతలా తెరిచి మళ్లీ అదే చోట పరుస్తారు కాబట్టి, మొదటి వారాల్లో నిద్రలో బిడ్డ చెయ్యి విసిరినా అది కదిలే ప్రమాదం ఉంది. కళ్లు పొడిబారడం కూడా కొన్ని నెలలు ఉంది.

నెల్లూరు నుంచి మళ్లీ:
ఇది చదివే గర్భిణులకు ఒక మాట తప్పనిసరిగా చెప్పాలి. మధుమేహం వల్ల రెటీనా, అంటే కంటి లోపలి తెర, దెబ్బతిన్నవారికి చేసే లేజర్ వేరు. అది చూపు నిలపడానికి చేసేది, అవసరమైతే గర్భంలోనూ చేస్తారు. లాసిక్ గురించి విన్న మాటతో దాన్ని వాయిదా వేయకండి. అలాగే గర్భంలో అకస్మాత్తుగా చూపు మసకబారినా, మెరుపులు కనిపించినా, తలనొప్పి తోడైనా అది సైటు అనుకోకుండా ఆ రోజే రక్తపోటు చూపించుకోండి.

కావలి నుంచి:
అందరికీ కృతజ్ఞతలు. బాబు పాలు మానేదాకా ఆగుతాను. నేను అప్పుడప్పుడు మెత్తటి కాంటాక్ట్ లెన్సులు వాడతాను. కొలతలకు ముందు ఎన్నాళ్లు ఆపాలి?

నెల్లూరు నుంచి:
మెత్తటివైతే సాధారణంగా వారం నుంచి రెండు వారాలు. గట్టివైతే ఇంకా ఎక్కువ. ఈలోగా బాబు లాగినా ఊడిపోకుండా అద్దాలకు వెనుక పట్టీ వేయించుకోండి.