నవల మొదలుపెట్టి మూడేళ్లయింది, నలభై పేజీలు దాటలేదు: రోజూ రాసే అలవాటు ఎలా పడుతుంది?

కృష్ణ ఒడ్డు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను కర్నూలులో ఒక చిన్న సంస్థలో లెక్కలు చూసే ఉద్యోగం చేస్తున్నాను. మా అమ్మమ్మగారి ఊరు శ్రీశైలం జలాశయం కింద మునిగిపోయిన దాదాపు వంద ఊళ్లలో ఒకటి. 1981లో ఊరు ఖాళీ చేయించారు. నేను పుట్టేసరికే అది నీళ్ల కింద ఉంది కాబట్టి, చిన్నప్పటి నుంచి దానిని నేను మాటల్లో మాత్రమే చూశాను. ఆ ఊరి మీద ఒక నవల రాయాలన్న కోరిక ఇంటర్మీడియట్ చదివే రోజుల నుంచి ఉన్నా, కాగితం మీద కలం పెట్టింది మాత్రం మూడేళ్ల క్రితమే.

ఈ మూడేళ్లలో నలభై పేజీలు రాశాను. మొదటి అధ్యాయాన్ని పదకొండు సార్లు తిరగరాశాను. 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేయడంతో అది మొదలవుతుంది. ఆనకట్ట ఎలా లేచింది, పూర్తి నీటిమట్టం 885 అడుగులని ఎలా నిర్ణయించారు, ఊళ్లకు నోటీసులు ఎలా వచ్చాయి అన్నంతవరకు వస్తుంది. అక్కడికి రాగానే చేయి ఆగిపోతుంది. ఆదివారం ఒక్కటే నాకు తీరిక. పొద్దున టిఫిను ముగించుకుని కూర్చుంటే, పాత పేజీలు చదువుకుని దిద్దుకునేసరికి మధ్యాహ్నం అయిపోతుంది. ఒక్కోసారి ప్రేరణ దానంతట అది వస్తుందని నెలల తరబడి ఎదురు చూశాను, కానీ అది రాలేదు. ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ నవలలు పూర్తిచేసినవారు రోజుకు ఎంత రాస్తారు, ఎప్పుడు రాస్తారు, రాయబుద్ధి కానప్పుడు ఏం చేస్తారు అన్నది తెలుసుకోవాలని ఉంది.

పాత పంతులు:

అమ్మా, నేను ముప్పై ఒక్క ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. వారపత్రికల్లో నావి రెండు నవలలు సీరియల్‌గా వచ్చాయి. వాటిని గొప్ప నవలలని చెప్పుకోను, అయితే రెండింటినీ ముగించాను. మీరు అడిగింది ముగించడం గురించే కాబట్టి జవాబు చెప్పే అర్హత ఉందనుకుంటున్నాను.

మీకు అసలు అడ్డు ఆదివారమే. ఆరు రోజులు చల్లారిన పొయ్యిని ఏడో రోజు రాజేయాలంటే, వంటకన్నా ఊదడానికే ఎక్కువ సేపు పడుతుంది. మీరు పాత పేజీలు చదువుతూ మధ్యాహ్నం దాకా గడుపుతున్నారంటే అది మీ బద్ధకం కాదు, ఆరు రోజుల ఎడబాటు తెచ్చిన పని. అదే నాలుగు గంటలను వారమంతా పంచుకుని, రోజూ పొద్దున ముప్పై అయిదు నిమిషాలు కూర్చోండి. నిన్న రాసింది నిన్నటిదే కాబట్టి దాన్ని మళ్లీ మొదటి నుంచి చదువుకోనక్కరలేదు. చివరి పేరా చూస్తే చాలు.

ఇంకొక మాట. రాత సాగుతున్నప్పుడే లేవండి. సన్నివేశం పూర్తయ్యేదాకా రాసి, హమ్మయ్య అనుకుని కలం మూస్తే, మర్నాడు ఖాళీ గోడ ముందు కూర్చున్నట్టు ఉంటుంది. తర్వాతి వాక్యం ఏమిటో తెలిసి ఉండగానే, అవసరమైతే వాక్యం మధ్యలోనే ఆపేస్తే, మర్నాడు కూర్చోగానే చేయి కదులుతుంది. మొదట్లో ఇది నాకు పిచ్చి పనిలా కనిపించింది. రెండో సీరియల్‌కు వారం వారం గడువు మెడ మీదికి వస్తుంటే, ఈ పద్ధతి వల్లనే గట్టెక్కాను.

ప్రేరణ విషయంలో మనవాళ్లకు ఒక ఇష్టమైన ఉదాహరణ ఉంది. విశ్వనాథ సత్యనారాయణగారు 1934లో వేయిపడగలును ఇరవై తొమ్మిది రోజుల్లో చెప్పి రాయించారని అందరూ తలచుకుంటారు. అది నిజమే. అయితే ఆయన చెబుతుంటే కూర్చుని రాసిపెట్టిన తమ్ముడు వెంకటేశ్వర్లుగారిని చాలామంది తలచుకోరు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీకి గడువు ఉందన్న సంగతీ తలచుకోరు. చెప్పేవాడికి ఎదురుగా రాసేవాడు కలం పట్టుకుని కూర్చున్నాడు, అవతల తేదీ తరుముకొస్తోంది. అది మెరుపు కోసం ఎదురుచూడటంలా నాకు కనిపించదు. ఉన్నవ లక్ష్మీనారాయణగారు మాలపల్లి రాసింది జైల్లో. ఆయనకు దొరికిన తీరిక ఎటువంటిదో ఆలోచించండి!

మొదటి అధ్యాయాన్ని మాత్రం ఇక ముట్టుకోకండి. బీరువాలో పెట్టి తాళం వేయండి. చిత్తుప్రతి ముగిశాక, నవల ఎక్కడ మొదలు కావాలో అదే చెబుతుంది.

రెండో షిఫ్టు:

పంతులుగారి మాటలు బాగున్నాయి, కానీ పొద్దున ముప్పై అయిదు నిమిషాలు అందరికీ దొరకవు. నేను ఖమ్మంలో నర్సుగా పనిచేస్తున్నాను. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. అందుకని గడియారం చూసి రాసే అలవాటు నాకు ఎన్నడూ నిలవలేదు. చివరికి రాతను గడియారానికి కాకుండా ఒక పనికి ముడిపెట్టుకున్నాను. తర్వాతి షిఫ్టువాళ్లకు బాధ్యతలు అప్పగించి, చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకున్నాక బస్సు ఎక్కేలోపు బల్ల మీద కూర్చుని ఒక పేజీ రాస్తాను. పొద్దున ఎనిమిది కావచ్చు, రాత్రి ఎనిమిది కావచ్చు, చేతులు కడుక్కున్న తర్వాతి పని మాత్రం రాయడమే. రెండు నెలలు గడిచేసరికి సబ్బు వాసన తగలగానే పాత్రలు గుర్తుకు రావడం మొదలైంది. నవ్వుకోండి, పర్వాలేదు.

నా దగ్గర నేనొక్కదాన్నే ఉన్న వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంది. చెవిన పడిన మాటలు అందులోకి వెళ్తాయి. పేజీలు పేజీలు కాదు, ఒక్కో మాట. ఒకసారి వరండాలో ఒక పెద్దావిడ ఇంకొకావిడతో, "బిడ్డ ఫోను చేసిందంటే నా ఒంట్లో బాగలేదని దానికి తెలిసినట్టే, లేకుంటే చెయ్యదు" అంది. ఆ ఒక్క మాట మీద నా నవలలో ఒక తల్లి నిలబడింది. అయితే ఆసుపత్రిలో విన్న జబ్బులు, ఇళ్లల్లో గొడవలు ఉన్నవి ఉన్నట్టు నేను రాయను. మనిషిని గుర్తుపట్టేలా ఏదీ నేను రాసుకునేదాంట్లో ఉండకూడదని నాకు నేను పెట్టుకున్న హద్దు అది. మాట తీరు తీసుకుంటాను, మనిషిని తీసుకోను.

మీ అమ్మమ్మగారు చెప్పేవి ఫోనులో చెప్పించి అక్షరాల్లోకి మార్చుకోవాలనుకుంటే, ఆ పద్ధతిలో ఒక చిక్కుందని ముందే చెబుతున్నాను. మా అమ్మ మాటలను అలా మార్చబోతే ఆమె యాసలోని క్రియలను ఫోను పుస్తకాల భాషలోకి దిద్దేసింది. అమ్మ గొంతు పోయి వార్తలు చదివే గొంతు మిగిలింది. అప్పటి నుంచి రికార్డు చేసుకుని, విని, నా చేత్తో రాసుకుంటున్నాను. ఆలస్యమే, కానీ ఆ వినడంలోనే సగం నవల దొరికింది.

అరఠావు:

పైనున్న ఇద్దరితో కొంత ఏకీభవిస్తూ, కొంత విభేదిస్తున్నాను.

మొదట రోజుకు ఎంత రాయాలన్న లెక్క. రోజుకు వెయ్యి పదాలు, నెలకు యాభై వేలు అని ఇంటర్నెట్‌లో కనిపించేవన్నీ ఇంగ్లీషు కొలతలు. ఆంటొనీ ట్రాలప్ అనే ఆంగ్ల నవలా రచయిత పందొమ్మిదో శతాబ్దంలో తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూనే, తెల్లవారుజామున అయిదున్నరకల్లా బల్ల ముందు కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకు 250 పదాల చొప్పున రాసేవాడు. తనను కాఫీతో లేపినందుకు పనివాడికి ఏడాదికి అయిదు పౌన్లు అదనంగా ఇచ్చేవాడు. ఆ క్రమశిక్షణకు నమస్కారం. కానీ ఆ అంకెను తెలుగులోకి తెచ్చుకుంటే తప్పు దారి పడతాం. "రాలేకపోయినందుకు" అన్నది మనకు ఒక్క పదం. అదే భావానికి వాళ్లకు నాలుగైదు పదాలు కావాలి. అందుకే నేను పదాలు లెక్కపెట్టను. అరఠావు కాగితానికి ఒక పక్క, అదే నా రోజు కూలి. రాయలేని రోజున ఆ కాగితం మీద, ఈరోజు ఎందుకు రాయలేకపోయానో రాస్తాను. అదీ ఒక పక్క నిండుతుంది, పైగా చాలాసార్లు అసలు అడ్డేమిటో అందులోనే బయటపడుతుంది.

ఇక నా విభేదం. మీ కష్టం అలవాటు లేకపోవడం వల్ల వచ్చింది కాదని నాకు అనిపిస్తోంది. పదకొండు సార్లు తిరగరాసే ఓపిక ఉన్న మనిషికి అలవాటు లేదని ఎలా అంటాం? మీ చేయి ఎక్కడ ఆగుతోందో మీరే చెప్పారు: ఊళ్లకు నోటీసులు వచ్చిన చోట, అంటే మొదటి మనిషి కథలోకి రావలసిన చోట. అంతవరకు నడిచింది ప్రాజెక్టు చరిత్ర, అది మీకు కాగితాల నుంచి తెలుసు. ఆ తర్వాతిది మీకు తెలియదు. తెలియని దానికి ప్రేరణ ఎక్కడి నుంచి వస్తుంది? 885 అడుగుల నీటిమట్టం పాఠకుడికి ఏమీ అనిపించదు. ఆ నీళ్లు ఏ ఇంటి ఏ మెట్టు దాకా వచ్చాయో చెబితే అనిపిస్తుంది.

అమ్మమ్మగారు ఉన్నారని అనుకుంటున్నాను. ఆమెను "మీ ఊరు ఎట్లా ఉండేది" అని అడగకండి. ఆ ప్రశ్నకు ఎవరైనా పచ్చని పొలాలు, చల్లని గాలి అనే చెబుతారు. చివరి రోజున బండిలోకి మొదట ఏది ఎక్కించారు, ఏది వదిలేశారు, మిద్దె మీది దూలాలు ఎవరు దించారు, ఆ రాత్రి అన్నం ఎక్కడ తిన్నారు అని అడగండి. ఒక పూటకు ఒకే ప్రశ్న. మధ్యలో అందుకుని మాట్లాడకండి. ఆమె ఊరుకున్నప్పుడు మీరూ ఊరుకోండి.

వీలైతే వేసవిలో సంగమేశ్వరం వెళ్లి రండి. శ్రీశైలం నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు కొన్ని నెలలపాటే ఆ గుడి బయటపడుతుంది. వేపమొద్దు శివలింగాన్ని చూడటం సరే, దానికన్నా ముఖ్యంగా గోడల మీద నీళ్లు వదిలిన గీతలను, ఒండ్రు ఎండి పగిలిన తీరును, ఆ వాసనను పట్టుకోండి. అవి మీ అమ్మమ్మగారి మాటల్లో దొరకవు. ఆమె ఎరిగింది నీళ్లకు ముందున్న ఊరిని కదా.

పాత పంతులు:

అరఠావుగారు పట్టుకున్నది సరైన చోటే, నేను దాన్ని గమనించలేదు. ఒక్క సవరణ మాత్రం చేస్తాను. సమాచారం సేకరించడం కూడా రాయకుండా తప్పించుకునే దారి కాగలదు. నా మూడో నవల కోసం రెండేళ్లు కాగితాలు పోగుచేశాను, ఆ సంచులు ఇప్పటికీ అటక మీద ఉన్నాయి, నవల లేదు. అడిగిన రోజునే, విన్నది వేడిగా ఉండగానే, బాగున్నా బాగులేకున్నా ఒక పక్క నింపాలి.

కృష్ణ ఒడ్డు:

ఆరు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. ఆలస్యానికి మన్నించండి.

పొద్దున లేవడం నా వల్ల కాలేదు. పది రోజులు ప్రయత్నించి మానుకున్నాను. రెండో షిఫ్టుగారు చెప్పినట్టు ఒక పనికి ముడిపెట్టాను. సాయంత్రం ఆఫీసులో లెక్కల పుస్తకం మూసి, కంప్యూటరు ఆపి, అదే కుర్చీలో అరఠావు కాగితం తీస్తున్నాను. వాచ్‌మన్ దీపాలు ఆర్పడానికి వచ్చేదాకా నాకు ఇరవై అయిదు నిమిషాలు ఉంటాయి. నలభై రెండు రోజుల్లో తొమ్మిది రోజులు తప్పాను. తప్పిన రోజుల్లో నాలుగింటికి కారణం రాసిన కాగితాలు ఉన్నాయి. వాటిలో మూడు ఒకే మాట చెబుతున్నాయి: అమ్మమ్మను అడగడానికి భయం. అడిగితే ఏడుస్తుందేమోనని.

ఆమె ఏడవలేదు. బండిలోకి మొదట ఏది ఎక్కించారని అడిగితే, తలవాకిలి ద్వారబంధం అంది. ఊరు ఖాళీ చేసేటప్పుడు దూలాలు, తలుపులు ఎవరివి వాళ్లు ఊడదీసుకుని వెళ్లారట. కర్నూలులో ఒంటి ఇటుక గోడల ఇల్లు కట్టుకున్నారు. టేకు ద్వారబంధం ఆ గోడలో పట్టలేదు, జానెడు వెడల్పు ఎక్కువైంది. పైకమ్మీ, గడపా రెండూ కోయాలి. వడ్రంగి రంపం తీసి, ఏ పక్క కోయమంటారని అడిగాడు. గడప కుడిపక్కన నున్నగా పల్లం పడి ఉంది. మా అమ్మమ్మ అత్తగారు రోజూ మధ్యాహ్నం అక్కడే కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరేదట.

"అరిగిన పక్క కొయ్యొద్దు అన్నా. మీ తాత కొయ్యాల్సిందే అన్నాడు. ఆ పక్కనే పుచ్చు పట్టింది." ఇంతే చెప్పి అమ్మమ్మ వక్కాకు కోసం సంచి వెతుక్కుంది. నేను ఊరుకున్నాను. కోసిన ముక్క ఏమైందని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

శంకుస్థాపన అధ్యాయం బీరువాలో ఉంది. కొత్తగా పదిహేడు పేజీలయ్యాయి. వడ్రంగి గడప మీద పెన్సిలుతో గీత గీసి, ఆ గీత మీద రంపం ఆనించి, మా తాత వైపు చూసిన చోట నిన్న సాయంత్రం కావాలనే ఆపి లేచాను.