అప్‌డేట్: షెర్మన్ ట్యాంకు నక్షత్రం చుట్టూ వెండి మెరుపు పోయింది

1/35 స్కేలు మోడల్ ట్యాంకు, ఎం4 షెర్మన్‌కి ఆలివ్ డ్రాబ్ మ్యాట్ (మెరుపు లేని) రంగు వేసి, ఫిరంగి ఉండే పై భాగం, అంటే టరెట్ మీద అమెరికా సైన్యం తెల్ల నక్షత్రం డెకాల్ (నీళ్లలో నానబెట్టి అంటించే పల్చటి స్టిక్కర్) అంటిస్తే, ఆరాక చుట్టూ వెండి పొరలా మెరుస్తోందని పోయిన నెల అడిగాను. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

కారణం మ్యాట్ రంగే. కంటికి కనిపించకపోయినా దాని ఉపరితలం గరుకు, డెకాల్ కింద గాలి చిక్కుకుపోతుంది. డెకాల్ పాతదనీ, బోరు నీళ్ల వల్లేననీ నేను పడ్డ అనుమానాలు వట్టివే. మినరల్ వాటర్ డబ్బులు దండగ!

ఒకరు చెప్పినట్టు మెరిసేచోటల్లా సన్న సూదితో పొడిచి, కుంచెతో డెకాల్ సాఫ్ట్‌నర్ (డెకాల్‌ని మెత్తబరిచే ద్రవం) రాశాను. నక్షత్రం ఎండు మిరపకాయలా ముడతలు పడేసరికి టెన్షన్ వచ్చింది, కానీ వేలు పెట్టలేదు. పొద్దున చూస్తే సాపుగా పరుచుకుని, టరెట్ గరుకు కూడా దాని మీద తేలింది. ఒక కొన దగ్గర మాత్రం మూడుసార్లు రాయాల్సి వచ్చింది.

రెండో వైపు ముందే మెరిసే (గ్లాసీ) వార్నిష్ కొట్టి, బాగా ఆరాక డెకాల్ అంటించి, చివర్లో మ్యాట్ వార్నిష్ వేశాను. అటు సూదితో పనే పడలేదు.