విజయనగరం కోటలో కళాశాలలు ఉండాలా, బయటికి తరలాలా?

కోటగట్టు:
విజయనగరం కోటకు 1713లో పునాది పడింది. 1958లో పి.వి.జి. రాజు గారు మాన్సాస్ ట్రస్టును నెలకొల్పి కోటను విద్య కోసం అప్పగించిన తరువాత లోపలి రాజభవనాలు తరగతి గదులయ్యాయి. ఆ దానాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ సున్నంతో కట్టిన పాత గోడపై మరమ్మతు పేరుతో సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక గోడ గుల్లబారుతుంది. కరెంటు తీగలు, నీటి గొట్టాలు, మరుగుదొడ్లు వందలమంది కోసం వేయక తప్పదు కనుక, విద్యాసంస్థ నడిచే చోట ఈ నష్టం ఆగదు. కళాశాలలను ఊరి వెలుపలికి పంపి, కోటను ప్రదర్శనశాలగా మార్చాలని నా అభిప్రాయం.

మూడులాంతర్లు:
కోటగట్టు గారూ, సున్నం విషయంలో మీరు చెప్పినది అక్షరాలా నిజం. దానికి మీరు సూచించిన మందుతోనే నాకు పేచీ. మన ఊరిలో చదువు ఒక ప్రాంగణానికి పరిమితమైన వ్యవహారంగా ఎన్నడూ లేదు. 1857లో బడిగా మొదలై 1879లో కళాశాల స్థాయికి ఎదిగిన మహారాజా కళాశాలలోనే గురజాడ చదివారు, అక్కడే పాఠాలూ చెప్పారు. 1919లో ఏర్పడిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు. ఆ కళాశాలలో చదవడానికి వచ్చిన ఘంటసాల, ఉండడానికి సరైన నీడ లేని రోజుల్లో జోలె పట్టి ఇంటింటా మధుకరం ఎత్తి పొట్ట నింపుకున్నారన్నది ఊరంతా చెప్పుకునే సంగతి. పాఠం రాజావారి కళాశాలది, అన్నం వీధిలోని గృహిణులది. ఈ రెండూ నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉండబట్టే అది సాధ్యపడింది. జాతీయ రహదారి పక్కన, కంచె వేసిన పాతిక ఎకరాల్లో కట్టిన కళాశాలకు విద్యార్థి బస్సులో వెళ్లి బస్సులోనే తిరిగి వస్తాడు. వాడికి ఊరితో పనిలేదు, ఊరికి వాడితో పనిలేదు. గంటస్తంభం చుట్టుపక్కల పుస్తకాల కొట్లు, జిరాక్సు దుకాణాలు, టిఫిన్ బళ్లు ఎవరి మీద బతుకుతున్నాయో ఒకసారి సాయంత్రం నాలుగు గంటలకు నిలబడి చూడండి.

ఇంకొక మాట. మనుషులు మసలని కట్టడాన్ని రావి మొక్కలు, గబ్బిలాలు తొందరగా ఆక్రమిస్తాయి. ఒక పెంకు జారితే ఆ వానలోనే కనిపెట్టేది అక్కడ రోజూ తిరిగేవారే తప్ప, టిక్కెట్టు కొని గంటసేపు చూసిపోయే యాత్రికుడు కాదు.

నాగావళి ఒడ్డు:
గబ్బిలాల సంగతి సరే, 2020లో కోటలోని పాత రాజభవనం మోతీ మహల్ కూలిపోయింది మొక్కల వల్ల కాదు, దానిని కూల్చారు. కోట విద్యాసంస్థల చేతిలో ఉంటే భద్రమనే వాదన అక్కడే తేలిపోయింది. తరలించాలని నేనూ అనను. ఆస్తి ట్రస్టుది కావచ్చు, ఏడాదికొకసారి పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను కోట ముందుకు మూడుసార్లు వచ్చిపోయేటప్పుడు చూసే లక్షల కళ్లకు మాత్రం అది ఊరి కోటే. ఊరికి అందులో మాట చెల్లే ఏర్పాటు ఉండాలి.

డబ్బు ప్రశ్నను ఇద్దరూ దాటవేశారు. 2021లో రాష్ట్ర ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థలను, అంటే సిబ్బంది జీతాలకు ప్రభుత్వ సాయం అందుకునే ప్రైవేటు విద్యాసంస్థలను, ఆ సిబ్బందిని తనకు అప్పగించమని అడిగినప్పుడు రాష్ట్రమంతటా విద్యార్థులు వీధికెక్కారు, ఎందుకంటే ఎయిడు పోతే జీతాల భారం ఫీజు రూపంలో తమ మీదే పడుతుందని వారికి తెలుసు. ఆ తరువాత ప్రభుత్వం సమ్మతిని వెనక్కు తీసుకునే వీలు కల్పించింది. జీతాలకే వెతుక్కోవలసిన యాజమాన్యం సున్నపు పనివారిని ఎక్కడి నుంచి తెస్తుంది?

బందరు వాసి:
మా ఊరి అనుభవం కొంత వేరు. నోబుల్ కళాశాల మూలం 1843లో మిషనరీలు పెట్టిన బడి. 1910లో కోపల్లె హనుమంతరావు గారి చొరవతో వెలసిన జాతీయ కళాశాల ప్రజల చందాలతో నిలిచింది. రేవు వైభవం తగ్గిన బందరుకు ఆ తరువాత పేరు తెచ్చినవి ఇలాంటి చదువులే. కళాశాల ఊరు విడిచి వెళితే పాత ఊరిలో మిగిలేది పాతదనమే, దానిని చూడడానికి ఎంతమంది వస్తారన్నది నాకు అనుమానమే.

కోటగట్టు:
నాగావళి ఒడ్డు గారి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కొత్త ప్రాంగణానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే ఉన్న భవనాలకు సున్నపు మరమ్మతు చవకే అవుతుందని లెక్క వేసుకున్నాక నాకూ తోస్తున్నది కనుక, తరలింపు మాటను ప్రస్తుతానికి పక్కన పెడతాను. అయితే ఆదివారాలు, సెలవు దినాలలో కోటను ఊరివారికి తెరవాలి, గోడ మీద ఏ పని చేయాలన్నా పాత కట్టడాల పని తెలిసిన ఇంజనీరు ముందుగా చూడాలి. ఈ రెండింటినీ వినతిపత్రంగా రాస్తున్నాను. మూడులాంతర్లు గారూ, వానాకాలం మొదలయ్యేలోగా మీరు కూడా సంతకం పెడతారా?