1969 మస్టాంగ్ స్పోర్ట్స్‌రూఫ్ బాడీ పని ఇంట్లోనే: ఏది ముందు, ఏది తర్వాత?

నీలిహుడ్:
బండి 1969 ఫోర్డ్ మస్టాంగ్ స్పోర్ట్స్‌రూఫ్ (వెనక్కి ఏటవాలుగా దిగే రూఫ్ ఉన్న మోడల్), 351 విండ్సర్ ఇంజను. ఇంజను, గేర్‌బాక్సు, ముందు ఫెండర్లు, సీట్లు, కార్పెట్ తీసేశాను. సస్పెన్షన్, చక్రాలు ఇంకా విప్పలేదు. బాడీ పరిస్థితి ఇదీ:

డ్రైవర్ కాళ్ల దగ్గర ఫ్లోర్‌లో అరచేయంత చిల్లు. ప్యాసింజర్ వైపు చిల్లు పడలేదు గానీ స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగిపోతోంది. వెనక క్వార్టర్ ప్యానెళ్లు (వెనక చక్రాల చుట్టూ ఉండే బాడీ రేకులు) రెండూ చక్రం వెనకాల కింద జానెడు మేర తుప్పు తినేసింది. కుడి వైపు ఎవరో పాత రేకు మీదే కొత్త రేకు అతికించి దండిగా లప్పం పెట్టారు, అయస్కాంతం పట్టుకోవట్లేదు. డోర్లు మాత్రం చక్కగా పడుతున్నాయి.

220 వోల్టుల మిగ్ మెషీన్ (వైరుతో వెల్డ్ చేసేది), పెద్ద కంప్రెసర్, గ్రైండర్లు ఉన్నాయి. బాడీ మొత్తం ఇసుకతో బ్లాస్ట్ చేయించి మొదలుపెట్టడం మంచిదేనా? క్వార్టర్‌కి కింది ముక్క చాలా, పూర్తి స్కిన్ మార్చాలా? రేకు మీద రేకు వేసి వెల్డ్ చేయాలా, అంచుకి అంచు కలపాలా? అన్నిటికన్నా ముందు, ఏ వరసలో చేయాలి?

కౌల్‌కాపరి:
ఫ్లోర్ రేకులు ఆర్డర్ పెట్టే ముందు ఆ నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో తేల్చండి. ఈ కాలం మస్టాంగుల్లో కాళ్ల దగ్గర ఫ్లోర్ పోయిందంటే అనుమానించాల్సింది ముందు కౌల్‌నే, అంటే ముందు అద్దం కింద ఉండే రేకు పెట్టెని. అద్దం ముందున్న గ్రిల్‌లోంచి దిగిన వాన నీళ్లు కౌల్ పెట్టెలో రెండు పక్కలకీ పారి ఫెండర్ల వెనక నుంచి బయటికి పోవాలి. ఆ పెట్టె అడుగున క్యాబిన్‌కి గాలి ఇచ్చే గొట్టాల్లాంటి రెండు అంచులు నిలబడి ఉంటాయి. ఆకులు, మట్టి వాటి మొదట్లో చేరి తడి ఆరనివ్వవు. అంచు చుట్టూ తుప్పు పట్టిందా, ఇక ప్రతి వానా నేరుగా కార్పెట్ మీదకే.

డ్యాష్ కింద వెంట్ డబ్బా, హీటర్ బాక్స్ తీసేయండి. ఒకరు గ్రిల్ మీద పైపుతో నీళ్లు సన్నగా వదులుతుంటే ఇంకొకరు కింద టార్చి పట్టుకుని చూడాలి. ఒక్కో పక్కా ఐదు నిమిషాలు. చుక్క పడితే పై కౌల్ ప్యానెల్ విప్పాల్సిందే. లోపల సీలెంట్ పోసి, ప్లాస్టిక్ అడ్డుకట్టలు అతికించి సరిపెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. వాటి కింద తుప్పు తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది, రేపు మీరు వేసే కొత్త ఫ్లోర్‌నీ తింటుంది.

పై ప్యానెల్ విప్పాలంటే ముందు అద్దం, వైపర్లు, హుడ్ హింజులు దిగాలి. పెయింట్ గీకితే స్పాట్ వెల్డులు గుండ్రటి గుంటల్లా బయటపడతాయి. 10 మి.మీ. స్పాట్ వెల్డ్ కట్టర్‌తో పై రేకు వరకే కోయండి, కింది రేకు జోలికి పోవద్దు. తిరిగి పెట్టేటప్పుడు ఆ చిల్లుల్ని వెల్డ్‌తో నింపి రెండు రేకులూ కలుపుతారు (ప్లగ్ వెల్డ్). మూసేముందు లోపలంతా ఎపాక్సీ ప్రైమర్, అతుకుల మీద సీమ్ సీలర్ (సందులు మూసే పేస్టు), ఆపైన పెయింట్. ఒకసారి మూశాక అక్కడికి చెయ్యి దూరదు. అద్దం బిగించే ముందు మళ్లీ నీళ్ల పరీక్ష చేయండి.

ఫ్లోర్ సంగతి. దీనికి విడిగా చాసిస్ లేదు, బాడీయే చాసిస్. కాబట్టి కోసేముందు డోర్ సందులు పైన, మధ్యలో, కింద కొలిచి రాసుకోండి. తర్వాత 25 మి.మీ. చదరపు గొట్టంతో డోరు ముందున్న హింజ్ పిల్లర్ నుంచి వెనకున్న లాచ్ పిల్లర్‌కి ఒకటి అడ్డంగా, ఒకటి ఏటవాలుగా టాక్ (తాత్కాలికంగా చిన్న వెల్డు చుక్కలు) వేయండి. ఇటు పిల్లర్ల నుంచి అటు పిల్లర్లకి ఇంకొకటి. డోరు మూసుకోవడానికి వీలుగా గొట్టాన్ని లోపలికి జరిపి పెట్టాలి. డోరు మూసి చూసుకునే వీల్లేకపోతే ఆ బ్రేసింగ్ పెట్టీ ఉపయోగం లేదు.

బండి బరువు సస్పెన్షన్ మీదే ఉండనివ్వండి. మధ్యలో స్టాండులు పెట్టి లేపితే ముందూ వెనకా కిందికి వాలి డోర్ సందులు మారిపోతాయి, ఆ వంకరలోనే వెల్డ్ చేసేస్తే ఇక తిరిగి రాదు. ఫ్లోర్ ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు కోయండి. రేకు లేపినప్పుడు కింద ఫ్రేమ్ రెయిల్, రాకర్ (డోరు కింద పొడవునా ఉండే గొట్టం లాంటి భాగం) ముందు చివరనున్న టార్క్ బాక్స్ సుత్తితో తట్టి చూడండి. ఇంజను ఎలాగూ బయటే ఉంది కాబట్టి షాక్ టవర్లలో (ఇంజనుకి రెండు పక్కలా ముందు సస్పెన్షన్ బిగించే చోట్లు) పై కంట్రోల్ ఆర్మ్ బిగించే చోట చీలికలున్నాయేమో కూడా వైర్ బ్రష్ కొట్టి చూడండి.

మిగ్‌మావయ్య:
క్వార్టర్ పై సగం బాగుంటే పూర్తి స్కిన్ వద్దు. పూర్తి స్కిన్ అంటే రూఫ్ దగ్గర అతుకు విప్పాలి. అక్కడ ఫ్యాక్టరీలో పోసిన సీసం ఉంటుంది. దాన్ని గ్రైండర్‌తో కొడితే సీసం పొడి మీ ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది. సన్నటి మంటతో మెత్తబరిచి గీకి తీయాలి, మాస్క్ తప్పనిసరి. అంత అవసరం మీకు లేదు.

కింది ప్యాచ్ కొనేటప్పుడు కోత ఎక్కడ పడుతుందో ముందే ఆలోచించండి. చదునైన రేకు మధ్యలో వెల్డ్ గీత వస్తే రేకు అలలు లేస్తుంది. మడతకి దగ్గరగా, దాని కింద 25 నుంచి 50 మి.మీ. లోపు కోయండి. మడత దగ్గర రేకు గట్టిగా ఉంటుంది, వేడికి అంత తేలిగ్గా లొంగదు. పాత రేకు కోశాక లోపలి వీల్‌హౌస్ (చక్రం పైనున్న లోపలి రేకు) అంచు కూడా పోయి ఉంటుంది చూడండి, బయటి రేకు ఒక్కటే తుప్పు పట్టడం అరుదు. దాన్ని ముందు బాగుచేయకుండా క్వార్టర్ మూయొద్దు.

కొత్త ప్యాచ్ కొలతకి నేరుగా సరిపోతుందనుకోకండి. చక్రం వంపు, బంపర్ వైపు అంచు కొద్దిగా తేడా వస్తాయి. ట్రంక్ మూత, టెయిల్ ల్యాంప్ ప్యానెల్, డోరు అన్నీ బిగించి ఉండగానే క్లీకోలతో (రేకుల్ని తాత్కాలికంగా పట్టి ఉంచే పిన్నులు) నిలబెట్టి నాలుగు వైపులా చూసుకున్నాకే పాత రేకు మీద చివరి గీత గీయండి.

అంచుకి అంచే కలపాలి. రేకు మీద రేకు వేస్తే ఆ సందులో తడి నిలిచి లోపల్నుంచి మళ్లీ తినేస్తుంది. పైగా రెండు పొరలున్న చోట ఎండకి వేరేగా సాగి, పెయింట్ వేశాక ఆ గీత పైకి కనిపిస్తుంది. మీ కుడి వైపు జరిగింది అదే.

బయటి రేకు దాదాపు 0.9 మి.మీ. మందం. దానికి 0.6 మి.మీ. ఈఆర్70ఎస్-6 వైరు, 75 శాతం ఆర్గాన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ గ్యాసు. గ్యాసు లేని ఫ్లక్స్ కోర్ వైరుతో ఈ రేకు తేలిగ్గా కాలి చిల్లు పడుతుంది. రెండంచుల మధ్య వైరు మందమంత సందు ఉంచండి. అదే మందం తుక్కు రేకు మీద సెట్టింగ్ సరిచూసుకుని, తిప్పి చూస్తే వెనక వైపు కూడా కరిగిన చుక్క కనబడాలి. అప్పుడే బండి దగ్గరికి వెళ్లండి. 25 మి.మీ. దూరంలో చుక్కలు పెట్టుకుంటూ, ఒకటి ఈ చివర, తర్వాతది ఆ చివర, ఆపైన మధ్యలో. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే దాని పక్క చుక్క. త్వరగా చల్లారాలంటే కంప్రెసర్ గాలి కొట్టుకోవచ్చు.

డాలీసుత్తి:
మావయ్యగారు చెప్పిన దాంట్లో ఆ చివరి మాట తప్ప అన్నీ ఒప్పుకుంటా. వెల్డ్ దగ్గర రేకు వేడికి సాగాలని చూస్తుంది, చుట్టూ ఉన్న చల్లటి రేకు సాగనివ్వదు, అది దగ్గరికి నలుగుతుంది. చల్లారాక ముడుచుకుంటుంది. గాలి కొట్టినంత మాత్రాన ఆ ముడత ఆగదు, మిగ్ చుక్క మాత్రం ఇంకా గట్టిపడుతుంది. తర్వాత సుత్తికి లొంగదు.

విరుగుడు ఒక్కటే: నాలుగైదు చుక్కలు పడగానే వాటి ఎత్తు తగ్గించేలా సన్నటి డిస్క్‌తో గ్రైండ్ చేసి, వెనక డాలీ (చేత్తో పట్టుకునే ఇనప దిమ్మ) ఆనించి సరిగ్గా వెల్డ్ మీదే సుత్తితో తేలిగ్గా కొట్టండి. వెల్డ్ నలిగి వెడల్పవుతుంది, ముడుచుకున్న రేకు మళ్లీ తన చోటికి వస్తుంది. పక్క రేకు మీద కొడితే అది అనవసరంగా సాగి, నొక్కితే డబ్బా మూతలా టపటపమంటుంది. అలా అయిందంటే సాగిన మధ్యభాగాన్ని ష్రింకింగ్ డిస్క్‌తో (గ్రైండర్‌కి బిగించి రాపిడితో రేకుని వేడిచేసే డిస్క్) వేడిచేసి చల్లార్చడమే దారి. చివరిదాకా వెల్డ్ చేసేసి అప్పుడు సుత్తి పట్టుకుంటే ఆలస్యమైపోయినట్టే. వెనక్కి చెయ్యి దూరని చోట మిగ్‌తోనే ఇంకా మెల్లగా, చిన్న చుక్కలతో పోవడమే గతి, మిగిలింది లప్పం చూసుకుంటుంది.

నీలిహుడ్:
కౌల్ పరీక్ష అయింది. రెండు వైపులా చుక్కలు పడ్డాయి, డ్రైవర్ వైపు ధారే. పై ప్యానెల్ విప్పడానికి సిద్ధమవుతున్నా. క్వార్టర్ కింది ప్యాచే వేస్తా. పాత పెయింట్ తీయడం, ప్రైమర్ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఎపాక్సీఅక్క:
ఇసుక బ్లాస్టింగ్ హుడ్, రూఫ్, డోర్ స్కిన్, క్వార్టర్ల మీద వద్దే వద్దు. ఇసుక రేణువుల దెబ్బకి పై పొర సాగి చదును రేకు వంకర పోతుంది. పైగా సిలికా దుమ్ము సిలికోసిస్ తెస్తుంది. చదును రేకులకి పెయింట్ స్ట్రిప్పర్, లేదా 80 గ్రిట్ (ముతక) కాగితంతో డీఏ సాండర్ (గుండ్రంగా తిరుగుతూ అదిరే సాన యంత్రం). డోర్ జాంబులు (డోరు మూసుకునే అంచులు), ఫ్లోర్ అడుగు, కౌల్ లోపల, ఇలా మూలలున్న చోట మాత్రమే గాజు రవ్వతో తక్కువ ఒత్తిడిలో బ్లాస్ట్ చేసుకోండి. స్ట్రిప్పర్ అతుకుల సందుల్లో దూరితే తర్వాత పెయింట్ లేపేస్తుంది, అంచులకి టేపు వేసి అక్కడ సాండర్ వాడండి.

రేకు తేలాక 80 గ్రిట్ గరుకు ఉండాలి, గ్రీజు రిమూవర్‌తో రెండుసార్లు తుడిచి అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ కొట్టేయండి. ఒట్టి చేత్తో ముట్టుకున్న చోట వేలిముద్రే తుప్పుగా మారుతుంది. ఎచ్ ప్రైమర్ ఆమ్లంతో పనిచేస్తుంది, దాని మీద లప్పం సరిగా పట్టదు. ఎపాక్సీ అయితే తడిని ఆపుతుంది, లప్పమూ నిలబడుతుంది. దాని మీద ఎన్ని రోజుల్లోపు సాండ్ చేయకుండా తర్వాతి కోటు వేయొచ్చో డబ్బా మీద చూడండి, గడువు దాటితే మళ్లీ గరుకు పెట్టాల్సిందే. సీమ్ సీలర్ కూడా ఎపాక్సీ మీదే, ఒట్టి రేకు మీద కాదు.

లప్పం అంతా సాన పట్టాక 3 మి.మీ. మించితే రేకు పని ఇంకా మిగిలి ఉన్నట్టే, వెనక్కి వెళ్లండి. తర్వాత 2కే (హార్డెనర్ కలిపే రెండు భాగాల) హై బిల్డ్, అంటే మందంగా పడే ప్రైమర్ రెండు మూడు కోట్లు, ఎత్తుపల్లాలు చూపే పలచటి గైడ్ కోట్, పొడవాటి బ్లాకుతో 180 గ్రిట్, ఆపైన 320. చివరికి సాదా రంగుకి 400, మెటాలిక్‌కి 600. హై బిల్డ్‌ని ఆరనివ్వకుండా కోటు మీద కోటు దట్టంగా కొడితే సాల్వెంట్ లోపల ఇరుక్కుంటుంది, రంగు వేసిన కొన్ని వారాలకి సాండింగ్ గీతలన్నీ తేలతాయి. అందరూ తొందరపడేది సరిగ్గా అక్కడే.

2కే హార్డెనర్లలో ఐసోసయనేట్లు ఉంటాయి. వాటికి వాసన సరిగా తెలియదు, కాబట్టి కార్ట్రిడ్జ్ అయిపోయిందో లేదో ముక్కుతో కనిపెట్టలేరు. బయటి నుంచి గాలి అందించే మాస్క్ ఉంటేనే ఇంట్లో స్ప్రే చేయండి, లేదంటే ఆ ఒక్క దశా బూత్‌లో చేయించండి.

మిగ్‌మావయ్య:
రెండు విషయాలు మర్చిపోయాను. 1969, 1970 బళ్ల విడిభాగాలు ఒకటేనని అమ్మేవాళ్లుంటారు. 1969 ముందు నాలుగు హెడ్‌ల్యాంపులు, 1970కి రెండే, కాబట్టి ముందు భాగాలు కలవవు. స్పోర్ట్స్‌రూఫ్ క్వార్టర్ మీది స్కూప్ కూడా 1969కే, 1970లో తీసేశారు. బొమ్మ చూసి కాదు, సంవత్సరం చూసి కొనండి.

రెండోది, ఫెండర్ల కింద లోపలి ఏప్రాన్ (ఇంజను పక్క రేకు) మీద విన్ నంబర్, అంటే బండి గుర్తింపు సంఖ్య, కొట్టి ఉంటుంది. దాని మీద గ్రైండర్ పెట్టొద్దు, లప్పంతో కప్పొద్దు. విన్ తీయడం, మార్చడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రిపేరుకి తప్పకపోతే మినహాయింపు ఉంది గానీ, ఏప్రాన్ మార్చే అవసరం పడితే ముందు మీ రాష్ట్ర మోటారు వాహనాల శాఖని అడిగి, ఫొటోలు తీసి పెట్టుకోండి.

కౌల్‌కాపరి:
రాకర్ల కింద, క్వార్టర్ చివర నీళ్లు కారే రంధ్రాలుంటాయి. సీమ్ సీలర్, ప్రైమర్ వాటిని మూసేస్తాయి. ప్రైమర్ ఆరాక ఒక్కోదాంట్లో సన్నటి కడ్డీ పెట్టి తెరిచి, రంగు పనంతా అయ్యాక లోపలికి కేవిటీ వ్యాక్స్ (తుప్పు ఆపే మైనం) కొట్టండి. వ్యాక్స్ ముందే కొట్టారంటే దాని ఆవిరికి రంగు మీద చేపకళ్లు (రంగు పట్టని చిన్న గుండ్రటి గుంటలు) లేస్తాయి.