శుక్రుడి నెలవంక వట్టి కంటికి కనిపిస్తుందా?

వేగుచుక్క:
2025 మార్చి రెండో వారంలో, ఆకాశం ఇంకా తెల్లగా ఉండగానే శుక్రుణ్ణి చూసినప్పుడు, అది చుక్కలా కాక కొమ్ములు పైకెత్తిన వంకలా నాకు కనిపించింది. అప్పటికి దాని కోణీయ వ్యాసం (మన కంటికి అది ఆకాశంలో ఆక్రమించే వెడల్పు) దాదాపు 55 ఆర్క్ సెకన్లు (ఒక ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు), వెలిగే భాగం పది శాతానికి లోపు. మామూలు చూపు 60 ఆర్క్ సెకన్ల ఎడమున్న రెండు గీతలను విడదీయగలదని అంటారు కాబట్టి, మంచి చూపున్నవారికి ఇది అసాధ్యం కాదని నా అభిప్రాయం. కాదనేవారు కారణాలు చెప్పగలరు.

సందేహి:
మీకు ఏదో కనిపించిందన్నది నేను కాదనను; అది శుక్రుడి వంకేనా అన్నదే నా ప్రశ్న. కంటి పరీక్ష చార్టులో 6/6 వరుసలోని, అంటే మామూలు చూపుకు కొలతగా పెట్టిన వరుసలోని అక్షరం మొత్తం ఎత్తు 300 ఆర్క్ సెకన్లు, అందులో ఒక్కో గీత మందం 60. అంటే శుక్రగోళమంతా కలిపినా ఆ గీత మందానికి మించదు; ఆ గీతలోపల మీరు ఒక ఆకారాన్ని చదివానంటున్నారు. పైగా 1610లో గెలీలియో దూరదర్శినితో శుక్రకళలను (చంద్రుడికిలాగే శుక్రుడి వెలుగు భాగం పెరిగి తరగడాన్ని) చూసి, ప్రేమల తల్లి, అంటే శుక్రుడు, చంద్రుడి రూపాలను అనుకరిస్తోందన్న అర్థం గల లాటిన్ వాక్యాన్ని అక్షరాలు తారుమారు చేసి, గూఢంగా తెలియజేశాడు. వట్టి కంటికి సులువుగా తెలిసే సంగతే అయితే దానికి అంత దాపరికం అవసరమయ్యేదా?

కనుపాప:
గెలీలియో ఉదాహరణ వల్ల అది సులువు కాదని తేలుతుంది గాని, అసాధ్యమని తేలదు. అక్షరాన్ని చదవడం వేరు, ఒక వెలుగుమచ్చ గుండ్రంగా ఉందా, ఒకవైపు సాగి ఉందా అని పోల్చుకోవడం వేరు. రెండోదానికి అంత సూక్ష్మత అక్కరలేదు. అసలు అడ్డంకి కాంతి. చీకట్లో కంటిపాప విచ్చుకోవడంతో కంటి కటకంలోని లోపాలు బయటపడి, శుక్రుడి చుట్టూ కిరణాలు చిమ్మినట్లవుతుంది. పట్టపగలో, మునిమాపులోనో కంటిపాప 2.5 మిల్లీమీటర్లకు ముడుచుకున్నప్పుడు ఆ లోపాలు తగ్గుతాయి గాని, కాంతి వివర్తనం (చిన్న రంధ్రం గుండా వెళ్లేటప్పుడు కాంతి చెదిరి పరుచుకోవడం) వల్ల స్పష్టతకు ఏర్పడే హద్దు దాదాపు 55 ఆర్క్ సెకన్ల దగ్గర ఉంటుంది. శుక్రుడి కొమ్ముల మధ్య దూరమూ సరిగ్గా అంతే. ఈ వివాదం ఇన్నేళ్లు తెగకపోవడానికి కారణం అదేనని నా నమ్మకం.

వేగుచుక్క:
అట్టలో సూదితో రంధ్రం చేసి చూస్తే కాంతి తగ్గి వంక తేలికగా తెలుస్తుందని విన్నాను. అది నిజమేనా?

కనుపాప:
కాంతి తగ్గే మాట నిజమే, కాని స్పష్టత అంతకంటే ఎక్కువ పోతుంది. ఒక మిల్లీమీటరు రంధ్రం వివర్తన హద్దు సుమారు 138 ఆర్క్ సెకన్లు, అంటే శుక్రుడికి రెండింతలకు పైనే. రంధ్రం రెండు మూడు మిల్లీమీటర్లుంటే కొంత ప్రయోజనం ఉండవచ్చు.

సందేహి:
కొమ్ములు పైకి కనిపించాయన్న మాటను నేను సాక్ష్యంగా తీసుకోలేను. సాయంత్రపు శుక్రుడికి వెలుగు సూర్యుడి వైపు, అంటే కిందనే ఉంటుందని తెలిసిన ఎవరైనా కొమ్ములు పైకే ఉన్నాయంటారు. అస్తిగ్మాటిజం (కంటి ముందుభాగపు వంపు అన్ని వైపులా ఒకేలా లేని లోపం) ఉన్న కంటికి ప్రతి నక్షత్రమూ సాగినట్లే కనిపిస్తుంది కూడా. తలను పక్కకు వంచి చూడండి: ఆ సాగుదల తలతోపాటు తిరిగితే అది మీ కంటిది, తిరగకపోతే ఆకాశంలోది. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే, నల్లని తెరపై 2.9 మిల్లీమీటర్ల తెల్లని వంకను ఉంచి పది మీటర్ల దూరం నుంచి చూడండి. అది 60 ఆర్క్ సెకన్లకు సమానం. మీకు తెలియకుండా మరొకరు దాన్ని తిప్పుతుండగా, కొమ్ములు ఎటున్నాయో మీరు చెప్పాలి.

వేగుచుక్క:
ఒక సంగతి ముందే చెప్పి ఉండవలసింది. ఆ ముందురోజే 10 రెట్ల బైనాక్యులర్‌తో నేను ఆ వంకను స్పష్టంగా చూసి ఉన్నాను. వట్టి కంటితో చూసేటప్పుడు ఆ రూపం మనసులో లేదని చెప్పలేను. కనుక "వంక" అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. "సాగినట్లుంది" అన్నదానికి మాత్రం కట్టుబడి ఉంటాను.

సందేహి:
తల వంచి చూసేదాకా అది కూడా ఒప్పుకోలేను. 2026 అక్టోబరు 24న శుక్రుడు మళ్లీ భూమికీ సూర్యుడికీ మధ్యకు వస్తాడు. అంతకుముందు సాయంత్రాలు దక్షిణార్ధగోళం వారికి బాగా అనుకూలం. పగటిపూట వెతికేవారు సూర్యుణ్ణి పూర్తిగా మరుగుపరిచే గోడ నీడలో నిలబడాలి. ఈసారి బైనాక్యులర్‌ను మాత్రం తర్వాతే తీయండి.